వీణకు ‘మేళం కట్టడం’: ఈ మేళం, పెళ్లి మేళం, మేళకర్త ఒకటేనా?

మన సమూహంలో ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది: “మా అమ్మాయి వీణ మేడమ్ గారు ‘మేళం పోయింది, మళ్లీ కట్టించండి’ అన్నారు. వీణకి మేళం ఏమిటండీ? పెళ్లిలో వాయించే మేళమూ, మేళకర్త రాగాల్లో మేళమూ, ఇదీ ఒకటేనా?” కింద కొందరు “ఒకటే” అన్నారు, కొందరు “అబ్బే, సంబంధమే లేదు” అన్నారు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదిది. చిన్నప్పటి నుంచి వీణతోనే ఉన్నదాన్ని, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాట ఒకటే. సంస్కృతంలో ‘మిల్’ ధాతువు, కూడడం, కలవడం దాని అర్థం. సమ్మేళనం, మేళవింపు, ఈమధ్య రోజూ పేపర్లో కనబడే జాబ్ మేళా అన్నీ ఆ ఇంటివే. సన్నాయి, డోలు కలిసి వస్తే సన్నాయి మేళం. ఆడేవాళ్లూ పాడేవాళ్లూ ఒక జట్టుగా ఊరూరా తిరిగితే కూచిపూడి మేళం, తెలంగాణలో చిందు మేళం. ఏడు స్వరాలు ఒక వరసలో కూడితే మేళకర్తలోని (అంటే మిగతా రాగాలకు మూలమైన రాగంలోని) మేళం. వీణ దండి (పొడవాటి మెడ) మీద 24 మెట్లు (తీగను నొక్కే అడ్డపట్టీలు) ఒకదానితో ఒకటి లెక్క కుదిరి కూర్చుంటే అది వీణ మేళం. చివరి రెండింటికీ ఉన్న చుట్టరికం మిగతావాటికంటే దగ్గరిది. దాని గురించే ఎక్కువ చెప్పాలి.

ముందు పని ఎలా జరుగుతుందో చూడండి. వీణ దండికి రెండు అంచుల వెంబడీ పొడవునా మైనపు గట్లు ఉంటాయి. నల్లగా నిగనిగలాడుతుంటే చాలామంది కర్ర అనుకుంటారు. తేనెమైనంలో గుగ్గిలం, నల్లపొడి కలిపి కాచి చేసిన ముద్ద అది. ఈ రెండు గట్ల మీద అడ్డంగా, నిచ్చెన మెట్లలా, ఇత్తడి మెట్లో కంచు మెట్లో కూర్చుంటాయి. మేకు ఉండదు, దారం ఉండదు. మైనం పట్టే పట్టు.

మా ఇంట్లో వీణకు మేళం కట్టేటప్పుడు పక్కనే కూర్చుని చూసేదాన్ని. పాత మైనం గీకేసి, దండి తుడిచి, కొత్త ముద్దను వేడి చేసి అరచేతుల్లో తాడులా సాగదీసి అంచున అద్దుతారు. మేళం కట్టకముందే కొత్త తీగలు వేయించాలి, పాత తీగ మీద కట్టిన మేళం తీగ మార్చగానే తేడా చేస్తుంది. ఆ తర్వాత సారణి తీగను (మొదటి తీగను) శ్రుతికి తెచ్చి, ఒక్కో మెట్టునూ మైనం మీద ఆనించి, మీటి, వింటారు. శ్రుతి ఎక్కువ పలికితే మెట్టును వెంట్రుకవాసి బిరడాల (తీగలు బిగించే మరల) వైపుకు, తక్కువ పలికితే గుర్రం (కుండ మీద తీగలు ఆనే దిమ్మ) వైపుకు జరుపుతారు. సారణి మీద సరిపోయిందనుకున్న మెట్టు మంద్రం తీగ మీద కాస్త తేడాగా పలుకుతుంది. తీగ మందం వేరు కదా, నొక్కినప్పుడు బిగిసే తీరూ వేరు. అప్పుడు మెట్టును ఒకవైపు రవ్వంత ఏటవాలుగా తిప్పుతారు. ఎత్తు కూడా చూడాలి. ఒక మెట్టు పొరుగు మెట్టు కంటే పైకి లేస్తే తీగ దానికి తగిలి జర్రుమంటుంది. 24 మెట్లూ అయ్యాక, చల్లారిన మైనాన్ని కత్తితో చెక్కి నునుపు చేస్తారు. రోజంతా పట్టే పని. సగంలో ఎవరైనా మాట్లాడించినా చేయి ఆపేసేవారు, చెవి చెదురుతుందని.

కొలత వేసి పెట్టేస్తే సరిపోదా అని మా పిల్లలు అడుగుతుంటారు. కొలత ఉంది. మేరువు (బిరడాల వైపు తీగలు ఆనే చోటు) నుంచి గుర్రం దాకా 80 సెంటీమీటర్లు అనుకోండి. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 40 దగ్గర పడాలి. అక్కడ తీగ పైస్థాయి షడ్జం (స) పలుకుతుంది. ఇరవైనాలుగో మెట్టు దగ్గర మిగిలే తీగ 20 సెంటీమీటర్లు, అది ఇంకో స్థాయి పైన. స్వరస్థానాల మధ్య శ్రుతి తేడా అంతటా సమానమే అనుకుంటే మొదటి మెట్టు మేరువుకు సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో పడుతుంది, చివరి రెండు మెట్ల మధ్య మాత్రం 1.2 సెంటీమీటరే. అందుకే కుండ (వీణ గుండ్రటి బుర్ర) వైపు వెళ్లేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి. కొలత అక్కడికి చేరుస్తుంది, అక్కడి నుంచి చెవే. మన సంగీతంలో గాంధారానికో నిషాదానికో కావలసిన చోటు లెక్కలోని చోటుకు సరిగ్గా అతకదు, కట్టేవారి చెవికి ఆ తేడా తెలియాలి.

ఇక చుట్టరికం సంగతి. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల కాలంలో రామామాత్యుడు 1550లో ‘స్వరమేళ కళానిధి’ రాశాడు. అందులో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాయల పేరిట అచ్యుతరాజేంద్ర మేళ వీణ అని మూడు వీణలు చెప్పాడు. తీగలను ఏ స్వరాలకు శ్రుతి చేయాలి, దాన్ని బట్టి మెట్లు ఎక్కడ పడాలి అన్నదే ఆ పేర్లలోని మేళం. వీటిలో మళ్లీ రెండు రకాలు. ఏ రాగం వాయించాలంటే ఆ రాగానికి మెట్లు సర్దుకునేది ఏకరాగ మేళం. మెట్లు కదపకుండా అన్ని రాగాలూ పలికేది సర్వరాగ మేళం. ఇవాళ మనం వాయించే వీణ ఈ రెండో రకం. తంజావూరు రఘునాథ నాయకుడి పేరు దీనికి ముడిపడి ఉంది, స్థాయికి 12 చొప్పున 24 మెట్లు స్థిరపడింది ఆయన కాలంలోనే అంటారు. ఆయన తెలుగు కవి కూడా.

రఘునాథ నాయకుడికి మంత్రి గోవింద దీక్షితులు. వారి కుమారుడు వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో 72 మేళాలు చెప్పాడు. ఆ గ్రంథంలో మొదటి ప్రకరణం ఏమిటో తెలుసా? వీణ. వీణ తర్వాతే శ్రుతి, స్వరం, మేళం, రాగం వస్తాయి. వీణ మెట్లు కళ్లముందు పెట్టుకుంటే 72 ఎలా వచ్చిందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. స, ప కదలవు. రి-గ జంటలు 6, ద-ని జంటలు 6, మధ్యమాలు 2. ఆరు ఆరుల ముప్ఫైఆరు, దాన్ని రెండుతో హెచ్చవేస్తే 72. మెట్లు పన్నెండే, పేర్లు 16. మూడో మెట్టు మీద వేలు పెట్టి ఒక రాగంలో షట్శ్రుతి రిషభం అంటాం, ఇంకో రాగంలో సాధారణ గాంధారం అంటాం. మెట్టు అదే. పుస్తకంలో చదివినప్పుడు తికమకగా ఉండే ఈ విషయం వీణ మీద ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

అందుకని నా మాట: మేళకర్త అన్నప్పుడల్లా మనకు పట్టిక గుర్తొస్తుంది గానీ, ఆ మాటకు ప్రాణం వీణ దండి మీద ఉంది. ఇప్పుడు క్లాసుల్లో ‘ఫ్రెట్ సెట్టింగ్’ అనేస్తున్నారు. అలా అంటే మైనం పని ఒక్కటే తెలుస్తుంది. ‘మేళం’ అంటే ఆ పనికీ 72 మేళాలకీ ఉన్న బంధం కూడా పిల్లల చెవిన పడుతుంది. దయచేసి ఆ మాట వదలకండి.

వ్యాఖ్య (హైదరాబాద్): చాలా బాగా చెప్పారు మేడమ్. నేను సితార్ నేర్చుకుంటున్నాను. మా ఉస్తాద్ గారు రాగం మారినప్పుడు ఒకటి రెండు పర్దాలు (మెట్లు) జరుపుతారు. అది ఏకరాగ మేళం కిందికి వస్తుందా?

జవాబు: అదే పద్ధతి అండి. సితార్‌లో మెట్లను దారంతో దండికి కడతారు కాబట్టి జరపడం వీలవుతుంది. జరిపే రకాన్ని ‘చల్ ఠాట్’, జరపనక్కర్లేని రకాన్ని ‘అచల్ ఠాట్’ అంటారు కదా. హిందుస్తానీలో జనక రాగ వరసకు పేరు కూడా ఠాటే. అక్కడా ఇక్కడా మెట్ల అమరికకూ, స్వరాల వరసకూ ఒకే మాట వాడుతున్నారు. ఇది కాకతాళీయం కాదని నా గట్టి నమ్మకం.

వ్యాఖ్య (విజయనగరం): మరి వయొలిన్‌కి మెట్లే లేవు. దానికి మేళం అనకూడదా?

జవాబు: వయొలిన్‌కి మేళం కట్టడం ఉండదండీ. చిత్రవీణకూ అంతే, మెట్లు లేవు, తీగ మీద నున్నటి కట్టె జారుస్తూ వాయిస్తారు. కానీ శ్రుతి ‘మేళవించడం’ ఏ వాద్యానికైనా చెల్లుతుంది. పాత కావ్యాల్లో వీణ మేళవించడం అంటే తీగలు శ్రుతి చేసుకోవడమే. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల ఊరివారు మీరు, వయొలిన్ గురించి నాకంటే మీ ఊళ్లోవాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

వ్యాఖ్య (గుంటూరు): ‘మేలమాడటం’ అనే మాట కూడా ఉంది కదండీ, ఎగతాళి చేయడం అనే అర్థంలో. అదీ ఈ మేళమేనా?

జవాబు: అది ‘ల’ ఉన్న మేలం, పరిహాసం. ఇది ‘ళ’ ఉన్న మేళం. రెంటినీ కలపకండి. ‘మేళమాడాడు’ అని అచ్చులో చూసినప్పుడు నాకూ గుచ్చుకుంటుంది.

వ్యాఖ్య (కాకినాడ): ఏకాండి వీణ అంటే మొత్తం ఒకే కర్రా? బొబ్బిలి వీణ కొనాలని ఉంది. తీగలు ఏడూ మెట్ల మీదే ఉంటాయా?

జవాబు: ఒకే పనస దుంగలో కుండ, దండి, చివరనుండే యాళి (సింహం లాంటి జంతువు) ముఖం దాకా తొలిస్తే ఏకాండి. కుండ మీది పలక మాత్రం తర్వాత అమర్చేదే, లేకపోతే లోపల తొలవడానికి దారి ఉండదు. బొబ్బిలి వీణల పని ఆ పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా చేస్తున్నాయి. నూజివీడు వీణలకూ మంచి పేరుంది. కొనేటప్పుడు చెక్కడం చూసి మురిసిపోకండి. ఒక్కో మెట్టునూ మీటి, నాదం ఎంతసేపు నిలుస్తోందో వినండి.

మెట్ల మీద నాలుగు తీగలే ఉంటాయి: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. అంటే స, ప, కిందిస్థాయి స, ప. మిగిలిన మూడూ పక్కన ఉండే తాళం తీగలు, వాటిని చిటికెనవేలితో మీటుతారు. శ్రుతి ముందు బిరడాలతో చేసుకుని, వెంట్రుకవాసి తేడాను తీగల కింది కొసలు కట్టే నాగపాశం దగ్గరున్న లంగరులతో సరిచేసుకోవాలి.

వ్యాఖ్య (డాలస్): మేడమ్, మా వీణ ఎండాకాలంలో కారులో ఉండిపోయింది. మూడు మెట్లు మైనంలోకి దిగిపోయాయి. ఇక్కడ మేళం కట్టేవాళ్లు లేరు. ఫెవికాల్ లాంటిది వేసి అంటించేయనా?

జవాబు: వద్దమ్మా, బంక మాత్రం వేయకు. ఒకసారి బంక పడితే తర్వాత మేళం కట్టేవాళ్లు దాన్ని గీకలేక దండి చెక్కాల్సి వస్తుంది. మైనం ఎందుకు వాడతారంటే మళ్లీ మళ్లీ సరిదిద్దుకోవడానికే. మనం గమకం (స్వరాన్ని ఊపడం) కోసం తీగను మెట్టు మీద పక్కకి లాగుతాం, దాంతో మెట్టు మీద గాడి పడుతుంది, దాన్ని ఆకురాయితో సాపు చేయగానే ఎత్తు మారుతుంది. మైనం ఉంటే ఆ ఎత్తు మళ్లీ కుదురుతుంది. మూడు మెట్లే అయితే ఇలా చేయి: హెయిర్ డ్రయ్యర్‌ను దూరంగా పట్టుకుని ఆ మెట్టు చివరలు మాత్రమే కొద్దిగా వెచ్చచేసి, మెల్లగా పైకి లేపి, ట్యూనర్ పెట్టుకుని మీటి చూడు. పొరుగు మెట్ల మీద తడిగుడ్డ వేసి ఉంచు, అవి కదలకుండా. ఇది ఇండియా వచ్చేదాకా గడుపుకోవడానికే. వచ్చినప్పుడు మొత్తం కట్టించు. మళ్లీ కారులో పెట్టకు.

వ్యాఖ్య (డాలస్): చేశానండీ. రెండు కుదిరాయి. మూడోది ఇంకా జర్రుమంటోంది.

జవాబు: జర్రుమనేది ఆ మెట్టు కాకపోవచ్చు, దాని తర్వాత కుండ వైపు ఉన్న మెట్టు ఎత్తుగా ఉండి ఉంటుంది. దాన్ని రవ్వంత దించి చూడు.

బొబ్బిలి, నూజివీడు వైపు సభ్యులకు ఒక విన్నపం. మైనపు ముద్దకూ, గట్టుకూ, మైనం చెక్కే కత్తికీ పనివారు వాడే పేర్లు మీకు తెలిస్తే ఇక్కడ రాయండి. నేను చూసినచోట అన్నిటినీ ‘మైనం’, ‘కత్తి’ అనే అనేవారు. ఇంతకంటే చక్కని మాటలు ఆ పనిశాలల్లో ఉండే ఉంటాయి.