‘త్రాహిమాం క్రీస్తునాథ’ పల్లవిలో ‘దేహి’ అంటే ఏమిటి?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి):

అందరికీ నమస్కారం. మా చర్చిలో తరచూ పాడే పాత కీర్తన మొదలు ఇది.

త్రాహిమాం క్రీస్తునాథ దయఁ జూడ రావే
నేను దేహి యనుచు నీ పాదములే దిక్కుగాఁ జేరితి నిపుడు

దేహి అంటే దేహం ఉన్నవాడు, అంటే మామూలు మనిషి అని మా నాన్నగారు చెప్పేవారు. ఈమధ్య ఒక తెలుగు మాస్టారు అది కాదన్నారు గానీ, ఎందుకో చెప్పలేదు. ఏది సరైనది?

జవాబు (విజయనగరం నుంచి):

అమ్మా, మీ నాన్నగారు చెప్పిన అర్థం ఊరికే పుట్టింది కాదు. సంస్కృతంలో ‘దేహి’ అంటే శరీరధారి అనే అర్థం ఉంది. పైగా పాడేటప్పుడు ‘నేను దేహి’ అని కలిపేస్తాం కాబట్టి చెవికి ‘నేను మనిషిని’ అన్నట్టే వినిపిస్తుంది. కానీ ఇక్కడిది ఆ దేహి కాదు. ‘భవతీ భిక్షాం దేహి’ అంటామే, ఆ దేహి. ‘ఇవ్వు’ అని అర్థం. ‘నేను’ వెళ్లి కలిసేది ‘చేరితి’తో. ఇమ్మని అడుక్కుంటూ, నీ పాదాలే దిక్కని నేను వచ్చి చేరాను అని అన్వయం.

దీనికి పాటలోనే సాక్ష్యం ఉంది. త్రాహి, దేహి. రెండింట్లోనూ మొదటి అక్షరం గురువు (దీర్ఘంగా పలికేది), రెండోది ‘హి’. అంటే ప్రాస పడింది. రెండో పాదం అసలు ఎత్తుగడ ‘దేహి’ దగ్గరే, ‘నేను’ దానికి ముందు తగిలించిన మాట. అర్థంలోనూ ఇవి జంటే: ఒకటి ‘కాపాడు’, ఇంకోటి ‘ఇవ్వు’. రెండూ ఎదుటివాణ్ణి అడిగే క్రియలు. ఈ రెండు మాటలను ఇలా ఎదురెదురుగా నిలబెట్టడం గాలివాటంగా జరిగే పని కాదు.

రాసినవారు పురుషోత్తమ చౌధరి (1803-1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో ఇంగ్లండు బాప్టిస్టు మిషనరీల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత మన కళింగాంధ్రలో ప్రచారం చేస్తూ కీర్తనలు కట్టారు. ఈ ప్రాసలు, ‘త్రాహిమాం’ అనే మొర ఆయనకు క్రైస్తవంలోకి రాకముందు నుంచీ నోటికి పట్టినవే అయ్యుండాలి.

వ్యాఖ్య (పాలకొండ నుంచి):

మాస్టారూ, వ్యాకరణం బాగుంది. కానీ ఇదంతా దొరల ఎత్తు కాదా? హిందూ భజనలాగా వినిపిస్తే జనం వస్తారని రాయించుకున్నారు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) తుపాకీ, బైబిలు ఒకే ఓడలో దిగాయి.

జవాబు (విజయనగరం నుంచి):

బాబూ, కుంఫిణీ మాట కొట్టిపారేయను. అయితే మొదట్లో మిషనరీలంటే కుంఫిణీకే గిట్టేది కాదు, వ్యాపారం చెడుతుందని భయం. లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు 1805లో విశాఖపట్నంలో దిగారు. మిషనరీలకు చట్టప్రకారం దారి తెరిచింది 1813 చార్టర్ చట్టం. అక్కణ్ణుంచి మాత్రం మిషన్లు, తెల్లవాళ్ల పాలన ఒకదాని నీడలో ఒకటి పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి వైపు కెనడా బాప్టిస్టులు వచ్చింది 1870ల తర్వాత, అప్పటికి కుంఫిణీ పోయి రాణి పాలన వచ్చేసింది.

కానీ ఈ పాటను దొరల ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. విశాఖలో మొదలైన సువార్తల అనువాదానికి కూడా ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి చెయ్యి తోడైంది. అలా తయారైన మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని సీరాంపురంలో అచ్చయ్యాయి. అది దొరలు పూనుకున్న పని, పక్కన మనవాడు కూర్చున్నాడు. కీర్తన అలాంటిది కాదు. ‘దేహి’కి ‘త్రాహి’ని ప్రాసగా పట్టుకురమ్మని ఏ దొర చెప్పగలడు? తనకొచ్చిన భాషలో తన మొర తానే పెట్టుకున్నాడు ఆ మనిషి.

నన్ను ఎక్కువ కదిలించేది ఇంకొకటుంది. తర్వాతి రోజుల్లో తెలుగు కోస్తా సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలమాదిగలు. ‘దేహి’ ఏ లకారమో (ఏ క్రియారూపమో) నేర్పే బడి గడప వాళ్లను తొక్కనివ్వలేదు మనవాళ్లు. అలాంటివాళ్లు ఆ మాటలను కంఠతా పట్టి, ఇంటిల్లిపాదీ పాడారు. మీ నాన్నగారు, అమ్మా, దానికి ‘మనిషిని’ అని అర్థం చెప్పుకున్నారంటే నాకది తప్పుగా వినిపించదు. వ్యాకరణం అడిగితే మాత్రం ‘ఇవ్వు’ అనే చెప్తాను.

ఇంకో చిన్న మాట. కొత్త పుస్తకాల్లో అరసున్నలు (ఁ) తీసేస్తున్నారు. ‘దయఁ జూడ’ అంటే ‘దయను చూడ’. ద్రుతం (మాట చివరి నకారం) ఉంది కాబట్టే ‘చూడ’ కాస్తా ‘జూడ’ అయింది. ‘దిక్కుగాఁ జేరితి’ కూడా అంతే. అరసున్న లేకపోతే పిల్లలకు ఆ ‘జ’ ఎందుకొచ్చిందో అర్థం కాదు. మీ ఇళ్లలో అరసున్నలతో అచ్చయిన పాత కీర్తనల పుస్తకం ఉంటే ఈ పేజీ ఫోటో తీసి పెట్టండి, చరణాలు కూడా చూద్దాం.