ఫ్లోరైడ్ ప్రాజెక్ట్ రిపోర్ట్ వెనక్కి వచ్చింది: "డేటా ఉంది, రిపోర్ట్ లేదు" అంటున్నారు, ఎక్కడ సరిచేయాలి?

సివిల్_చివరి_సెమిస్టర్:

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో ఒక గ్రామంలోని 12 బోర్ల నీళ్లు మే నెలలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి తెచ్చి పరీక్షించాం. పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), కాఠిన్యత, నైట్రేట్, ఫ్లోరైడ్ చూశాం. రిపోర్ట్ 68 పేజీలు వచ్చింది. "డేటా ఉంది, రిపోర్ట్ లేదు. మీరు కనుక్కున్నది ఏమిటో కనబడట్లేదు" అని గైడ్ గారు వెనక్కి ఇచ్చారు.

సారాంశంలో మేం రాసింది: "గ్రామ భూగర్భ జలాల నాణ్యతపై సమగ్ర అధ్యయనం చేయబడింది. మే నెలలో ఫ్లోరైడ్ సగటు 1.38 మి.గ్రా./లీ. ఇది 1.5 పరిమితి లోపే ఉంది. తగిన సిఫార్సులు ఇవ్వబడ్డాయి."

మే విలువలు వరుసగా: 0.6, 0.7, 0.8, 0.8, 0.9, 1.1, 1.2, 1.3, 1.4, 1.8, 2.6, 3.4. నవంబర్‌లో చాలా బోర్లలో కొంచెం తగ్గాయి. ఊరికి మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా ఉంది. పంచాయతీ కార్యదర్శి గారు కూడా ఒక కాపీ అడిగారు. ఇదే ఇవ్వచ్చా? గడువు పది రోజులే ఉంది.

నీటి_ల్యాబ్:

ముందు ఆ సగటు తీసేయండి. ఊళ్లో ఎవరూ సగటు నీళ్లు తాగరు, ఎవరి బోరు నీళ్లు వాళ్లు తాగుతారు. 3.4 ఉన్న బోరు దగ్గర బిందె నింపుకునే మనిషికి మీ సారాంశం "పర్లేదు" అని చెబుతోంది. లెక్క తప్పు కాదు, కానీ ఆ లెక్కతో వచ్చిన మాట తప్పు.

రెండోది, తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500:2012లో ఫ్లోరైడ్‌కు రెండు అంకెలున్నాయి. ఆమోదయోగ్యమైన పరిమితి 1.0. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు సడలింపు. మీ ఊరికి భగీరథ నీళ్లు వస్తున్నాయంటే వేరే వనరు ఉన్నట్టే, కాబట్టి 1.5తో పోల్చడానికి ఆధారం లేదు. 1.0తో పోలిస్తే 12లో 7 బోర్లు దాటాయి. మీ రిపోర్ట్ మొత్తానికి అసలు సంగతి ఇదే, అదే ఎక్కడా రాయలేదు.

సారాంశం ఇలా మొదలుపెట్టండి: "గ్రామంలో పరీక్షించిన 12 బోర్లలో 7 బోర్ల నీటిలో మే నెలలో ఫ్లోరైడ్ 1.0 మి.గ్రా./లీ. దాటింది. భగీరథ సరఫరా ఉన్నందున ఈ 7 బోర్లను తాగడానికి, వంటకు వాడకుండా ఆపాలని సూచిస్తున్నాం." ఆ తర్వాత ఏ పద్ధతిలో, ఎప్పుడు, ఎన్ని నమూనాలు అని రెండు వాక్యాలు. 200 పదాలు మించనివ్వకండి. "సమగ్ర అధ్యయనం చేయబడింది" లాంటి వాక్యం ఏ రిపోర్ట్‌లోనైనా అతుకుతుంది, అంటే మీ రిపోర్ట్ గురించి అది ఏమీ చెప్పట్లేదు. నైట్రేట్ కూడా ఇలాగే చూడండి. దాని పరిమితి 45, సడలింపు లేదు.

నవంబర్‌లో తగ్గింది కదా అని "వర్షాల వల్ల తగ్గింది" అని రాసేస్తారేమో, వద్దు. ఒకే ఏడాది, రెండే విడతలు. ఫలితాల అధ్యాయంలో తగ్గిందని రాయండి. ఎందుకు తగ్గి ఉండొచ్చో చర్చలో "కావచ్చు" అనే స్థాయిలో ఉంచండి. ఈ రెండు అధ్యాయాలను కలిపేస్తే ఏది కొలిచింది, ఏది ఊహించింది అన్నది చదివేవాళ్లకు తేలదు.

ఇంతకీ ఫ్లోరైడ్ ఏ పద్ధతిలో చూశారు? స్పాడ్న్స్ (రంగు తగ్గుదలను బట్టి ఫ్లోరైడ్ కొలిచే పద్ధతి) అయితే 1.4 పైన ఉన్న నమూనాలు పలచన చేశారా?

గ్రామీణ_నీటి_ఇంజినీర్:

పైన చెప్పినవన్నీ సరే. నాకు భయం సిఫార్సుల దగ్గర. ఇలాంటి రిపోర్ట్‌లలో సగం "నల్గొండ పద్ధతిలో శుద్ధి చేయాలి" అని ముగుస్తాయి. ఆ పద్ధతిలో పటిక, సున్నం కలిపి కలియబెట్టి, మడ్డి తేరాక పైనీళ్లు తీసుకోవాలి. పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) మీద కూడా ఆధారపడుతుంది. మీ జాబితాలో క్షారత పరీక్షే లేదు. మోతాదు చెప్పలేని సిఫార్సు ఆఫీసులో ఫైలు దాటదు. పైగా శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగలకుండా చూసుకోవాలి, ఆ మడ్డి ఎక్కడ పారేయాలో చెప్పాలి. భగీరథ నల్లా ఉండగా ఇదంతా అక్కర్లేదు కూడా.

ప్రతి సిఫార్సులో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పటిలోగా అన్న నాలుగూ ఉండాలి. ఉదాహరణకు: "పంచాయతీ ఈ 7 బోర్ల దగ్గర 'తాగడానికి కాదు' బోర్డులు నెలలోగా పెట్టాలి." మూడు సిఫార్సులు చాలు. ప్రతిదాని పక్కన అది ఏ పట్టిక మీద ఆధారపడిందో నంబర్ వేయండి. పట్టిక చూపించలేని సిఫార్సు కొట్టేయండి.

కార్యదర్శి గారికి 68 పేజీలు ఇవ్వకండి. తెలుగులో ఒక్క పేజీ, గైడ్ గారికి చూపించి ఇవ్వండి. బీడబ్ల్యూ-7 లాంటి బోరు నంబర్ కాకుండా "హనుమాన్ గుడి పక్క చేతిపంపు" అని రాయండి. ఊళ్లో బోర్లకు నంబర్లు ఎవరికీ తెలియవు. ఒక వాక్యం తప్పకుండా చేర్చండి: కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. కాచి తాగితే చాలని చాలామంది నమ్ముతారు. యూనికోడ్‌లో టైప్ చేయండి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అక్షరాలు చెదిరి కనిపిస్తుంది.

డాక్యుమెంట్_డెస్క్:

68 పేజీల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి పాఠ్యపుస్తకాల్లో ఉండేది ఎంతుంది? దాన్ని మూడు పేజీలకు కుదించండి. 12 బోర్లు, 5 పరీక్షలు, 2 విడతలు, మొత్తం 120 విలువలు అనుబంధంలోకి. అసలు అధ్యాయంలో ఒకే పట్టిక: బోరు, మే ఫ్లోరైడ్, నవంబర్ ఫ్లోరైడ్, 1.0 దాటిందా లేదా. ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి, అప్పుడు చూపు ముందు పడాల్సిన బోరు మీదే పడుతుంది. ప్రమాణాలు కాలమ్ తలకట్టులో ఒక్కసారి రాస్తే చాలు. అన్ని విలువలకూ దశాంశం తర్వాత ఒకే అంకె ఉంచండి, ఎక్సెల్ ఇచ్చింది కదా అని 1.3833 రాయకండి.

వర్డ్‌లో శీర్షికలకు హెడింగ్ స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతటదే వస్తుంది. పట్టిక పేరు పైన, బొమ్మ పేరు కింద. ఇన్సర్ట్ క్యాప్షన్‌తో పెట్టి, వాక్యంలో క్రాస్ రిఫరెన్స్‌తో పిలవండి. చివర్లో మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే నంబర్లన్నీ సరిపోతాయి. ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1 కావాలంటే మధ్యలో సెక్షన్ బ్రేక్ పెట్టి, ఫుటర్‌లో "లింక్ టు ప్రీవియస్" తీసేయాలి. చాలామంది ఇది మర్చిపోయి నంబర్లు చేత్తో టైప్ చేస్తారు. కాలేజీ నమూనా వేరేలా అడిగితే దాన్నే పాటించండి.

సివిల్_చివరి_సెమిస్టర్:

అందరికీ చాలా థాంక్స్. స్పాడ్న్స్ పద్ధతే. పలచన చేయలేదు, వచ్చిన రీడింగే వేశాం. మే నమూనాలు ఇప్పుడు లేవు. మొత్తం పోయినట్టేనా?

నీటి_ల్యాబ్:

పోలేదు. స్పాడ్న్స్‌లో ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ రంగు తగ్గుతుంది, 1.4 వరకే ఆ తగ్గుదలను నమ్మొచ్చు. కాబట్టి 1.8, 2.6, 3.4 అని రాయలేరు, మూడింటికీ "1.4 కంటే ఎక్కువ" అని పట్టికలో వేసి, కింద కారణం ఒక వాక్యంలో చెప్పండి. ఆ మూడూ 1.5 దాటాయని గట్టిగా అనలేరు. సగటు కూడా కట్టలేరు. "12లో 7 బోర్లు 1.0 దాటాయి" అన్న మాట మాత్రం చెక్కుచెదరదు, మీ సిఫార్సు నిలబడింది దాని మీదే. నవంబర్ రీడింగుల్లోనూ 1.4 దాటినవి ఉంటే వాటికీ ఇదే.

ఈ వారంలోనే ఆ మూడు బోర్ల నీళ్లు మళ్లీ తెండి. గాజు సీసాలో కాదు, పాలిథీన్ సీసాలో. పంపును కొన్ని నిమిషాలు ఆడించి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక పట్టండి. 10 మి.లీ. నమూనాకు డిస్టిల్డ్ వాటర్ కలిపి 50 మి.లీ. చేసి, రీడింగ్‌ను 5తో హెచ్చించండి. ప్రతి నమూనా రెండుసార్లు చేయండి. వచ్చినవి మే కాలమ్‌లో పెట్టకుండా తేదీతో వేరే కాలమ్‌లో వేయండి. పద్ధతుల అధ్యాయంలో ఈ సంగతి దాచకుండా రాయండి. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే రావచ్చు, జవాబు మీ రిపోర్ట్‌లోనే ఉంటుంది.