డబ్ల్యూపీఎఫ్‌లో ఒక పేజీ వివరాలు ఇంకో పేజీకి ఎలా అందించాలి?

అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఎరువుల కొట్టు కోసం సీ షార్ప్ భాషలో, డబ్ల్యూపీఎఫ్ (విండోస్ యాప్‌ల తెరలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్)తో బిల్లింగ్ యాప్ రాస్తున్నాను. ఒకే విండో, అందులో ఫ్రేమ్ (పేజీలను చూపే చట్రం), రెండు పేజీలు. మొదటి పేజీలో రైతు పేరు, పాత బాకీ. రెండో పేజీలో సరుకులు.

యూఆర్ఐ (పేజీ చిరునామా)తో రెండో పేజీకి వెళ్తే బాకీ సున్నా చూపిస్తోంది. విండోకి పెట్టిన డేటాకాంటెక్స్ట్ (తెర మీద చూపే డేటా ఎక్కడి నుంచి రావాలో చెప్పేది) ఫ్రేమ్ లోపలి పేజీకి చేరడమే లేదు. వెనక్కొస్తే టెక్స్ట్‌బాక్సులో రాసిన పేరు అలాగే ఉంటోంది, వేరియబుల్‌లో దాచిన బాకీ 4,350 మాత్రం పోతోంది. కీప్‌అలైవ్ (పేజీని మెమరీలో అలాగే ఉంచే సెట్టింగ్) ట్రూ పెట్టాక వెనక్కి రావడం వరకు బాగుపడింది.

అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో (యాప్ అంతటికీ ఉమ్మడి నిల్వ) దాస్తే పనిచేస్తోంది కానీ, కీ పేరులో ఒక్క అక్షరం తప్పినా నల్ (ఖాళీ విలువ) వస్తోంది. రైతు బాకీ తప్పు పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రెండు పేజీలకూ ఒకే వ్యూమోడల్ (తెరకు కావాల్సిన డేటా ఉంచే క్లాస్) ఇవ్వాలా, లేక పేజీని సృష్టించేటప్పుడే కన్‌స్ట్రక్టర్‌లో బాకీ పంపాలా? అనుభవం ఉన్నవాళ్లు చిన్న కోడ్ ముక్కతో చెప్పగలరా?