అయిదేళ్ల పిల్లలకి కార్టూన్ ఏనుగు నేర్పడం ఎలా? రబ్బరుతో పేపర్లు చిరిగిపోతున్నాయి

ఎంవీపీ అమ్మ:
సెలవులు కదా అని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సాయంత్రం ఓ గంట పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు నేర్పుతున్నాను. నేనేమీ డ్రాయింగ్ టీచర్‌ని కాదు, ఇంటర్‌లో బోటనీ రికార్డు బాగా వేసేదాన్ని, అంతే. ఏడుగురు పిల్లలు, అందరూ అయిదు నుంచి ఏడేళ్ల లోపువాళ్లే. మొన్న చార్టు మీద కార్టూన్ ఏనుగు వేసి, చూసి వేయండర్రా అన్నాను. రెండు నిమిషాలకే "ఆంటీ, నాకు రావట్లేదు" అని మొదలు. ఒక పాప తొండం దగ్గర చెరిపి చెరిపి పేపరుకి చిల్లు పెట్టేసి ఏడుపు. అసలే మన వైజాగ్ ఉక్కకి అరచేతి చెమటతో పేపరు మెత్తబడిపోతుంది, పైన రబ్బరు. ఇంకొకడు తొండం సరిగ్గా పొట్టలోంచి తీశాడు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గోపాలపట్నం మాస్టారు:
అమ్మా, ముందు రబ్బర్లన్నీ తీసుకుని మీ పర్సులో వేసుకోండి. పెన్సిల్ కూడా వద్దు, లావు క్రేయాన్ ఇవ్వండి. చెరపడం కుదరదని తెలిస్తే పిల్లలు ముందుకెళ్తారు.

రెండోది, పూర్తయిన బొమ్మ చూపించి వేయమనకండి. మామూలుగా మూడేళ్లకి సున్నా చుట్టడం వస్తుంది, నాలుగేళ్లకి చతురస్రం, అయిదేళ్లకి త్రిభుజం, డైమండ్ ఆకారం రావడానికి ఇంకా టైం పడుతుంది. అలాంటివాళ్లకి మీ ఏనుగు వీపు వంపు చూసి దించమంటే ఎలా వస్తుంది? వాళ్లకి వచ్చిన సున్నాలతోనే కట్టించండి. మీరు ఒక గీత గీయండి, వాళ్లూ అదే గీయాలి, తర్వాతే రెండోది. ఏనుగు మనకి ఎదురుగా కూర్చున్నట్టు వేయిస్తే మోకాళ్ల గొడవ ఉండదు. పేపరు మధ్యలో పెద్ద ఇడ్లీ, అది తల. అటూ ఇటూ రెండు అప్పడాలు, చెవులు. మధ్యలోంచి కిందికి నీళ్ల పైపు. పొట్ట తల కంటే చిన్నగానే ఉండాలి, చిన్న పిల్లలా కనపడేది అందుకే. కళ్లు మాత్రం తల మధ్య కంటే కాస్త కిందికి, ఎడంగా పెట్టించండి. అదే ఏనుగుకి కళ్లు పైకి, దగ్గరగా పెట్టి చూడండి, మొహం ఎంత మారిపోతుందో.

ఇదంతా పిల్లల కోసం తేలిక చేసి చెప్తున్నాను అనుకోకండి. 1928లో వచ్చిన మిక్కీ మౌస్‌ది కూడా సున్నాల కట్టుబడే, ఎటు తిరిగినా చెవులు గుండ్రంగానే ఉంటాయి, చేతికి నాలుగే వేళ్లు. వేలసార్లు గీయాల్సిన బొమ్మ మరి.

కంచరపాలెం గుంటడు:
మాస్టారు చెప్పింది కరెక్టే. మా ఇంట్లో ఏటికొప్పాక ఏనుగు ఒకటుంది, చిన్నప్పుడు దాన్ని చూసే నేర్చుకున్నాను. అంకుడు కర్రని తిప్పుతూ చెక్కుతారు కాబట్టి ఎక్కడ పట్టుకున్నా గుండ్రమే, మూల అన్నది ఉండదు. పిల్లల చేతికిచ్చి ఓ రెండు నిమిషాలు తడమనివ్వండి, ఏ గుండు పెద్దదో, ఏది దేనికి అతుక్కుందో వాళ్లకే తెలుస్తుంది. తొండం పొట్టలోంచి రాదు.

సాగర్ నగర్ నాన్న:
నాకైతే ఈ ఇడ్లీ పద్ధతి అంత నచ్చదండీ. ఏడుగురివీ ఒకేలాంటి ఏనుగులు వస్తాయి, ఇక అందులో పిల్లలదేముంది? మన జూకి తీసుకెళ్లి చూపించి, ఇష్టమొచ్చినట్టు వేయనివ్వండి. మా వాడు హిప్పోని చూసొచ్చి పేజీ నిండా నోరే వేశాడు. ఒళ్లు లేదు, కాళ్లు లేవు. నాకు తెగ నచ్చింది.

గోపాలపట్నం మాస్టారు:
ఆ నోరు దాచిపెట్టండి సార్, మంచి బొమ్మ. కానీ "రావట్లేదు" అని ఏడ్చే పిల్లకి ఇష్టమొచ్చినట్టు వెయ్యి అంటే ఇంకా బిగుసుకుపోతుంది. ఒకటి వచ్చిందంటే తర్వాత ఆపినా ఆగదు. ఇంకో మాట, వాళ్ల పేపరు మీద మాత్రం మీ చెయ్యి పెట్టొద్దు. చూపించాలంటే పక్కన వేరే కాగితం మీద వేసి చూపించండి.

ఎంవీపీ అమ్మ:
నిన్న చేసి చూశాను. రబ్బర్లు దాచేస్తే మొదటి పది నిమిషాలు గోల గోల. ఇడ్లీ అనగానే ఒకటే నవ్వులు, ఒకడు పక్కన చట్నీ కూడా వేశాడు. సాగర్ నగర్ నాన్నగారూ, ఏడూ ఒకేలా ఏం రాలేదండీ, ఒక ఏనుగుకైతే కళ్లజోడుంది. చిల్లు పెట్టిన పాపకి మళ్లీ తొండం గీత పక్కకి పోయింది. నావైపు చూసింది, నేను చూడనట్టు ఊరుకున్నాను. కాసేపు ఆగి ఆ తప్పు గీతకి పైన ఆకులు పెట్టి కొబ్బరి చెట్టు చేసేసి, పక్కన ఇంకో తొండం వేసుకుంది.

ఇప్పుడు రేపటికి ఎలుగుబంటి కావాలట. మాస్టారూ, ఎలుగుబంటికి తోక ఉంటుందా?

గోపాలపట్నం మాస్టారు:
ఉంటుందమ్మా, పొట్టిది, బొచ్చులో కనపడదు. ఎదురుగా కూర్చోబెట్టండి, ఎవరూ అడగరు.