ఏపీఓఈ పరీక్షలో 83 బేస్‌ల గీత: నిజంగా ఈ2నా, కోత సరిగ్గా పడలేదా?

విశాఖలో ఎనభై దాటినవారి రక్తంలో ఏపీఓఈ (కొవ్వును మోసే ప్రోటీన్ జన్యువు) రకాలు ఈ2, ఈ3, ఈ4 చూస్తున్నాం. ఆయుష్షుతో గట్టి సంబంధం తేలిన జన్యువులు కొన్నే, అందులో ఇదొకటి. అందుకే పొరపాటు పడకూడదు.

పీసీఆర్‌తో పెంచిన 244 బేస్‌ల డీఎన్‌ఏ ముక్క బాగానే వస్తోంది (జీ, సీ బేస్‌లు ఎక్కువ కాబట్టి పోగులు విడిపోవడానికి 10 శాతం డీఎంఎస్‌ఓ ద్రావణి వేస్తున్నాం). డీఎన్‌ఏను నిర్దిష్ట చోట్ల కోసే ఎంజైమ్ హెచ్‌హెచ్‌ఏ1తో 37 డిగ్రీల దగ్గర కోశాక, ఈ3/ఈ3 (రెండు ప్రతులూ ఈ3) అనుకున్నవాటిలో జెల్‌పై 91, 48 బేస్‌ల గీతలతో పాటు సన్నగా 83 కూడా కనిపిస్తోంది. ప్రోటీన్ 158వ స్థానానికి చెందిన చోట ఈ2లో కోత పడదు, 83 ముక్క అలాగే మిగులుతుంది; ఈ3లో అక్కడ కోత సగమే పడితే అచ్చం ఈ2/ఈ3లా ఉంటుంది, చిక్కంతా అక్కడే. ఎంజైమ్ ఐస్ ప్యాకుల్లో వస్తుంది, మన ఎండలకు దాని బలం ఎంత మిగులుతుందో!

ఎంజైమ్ యూనిట్లు పెంచి రాత్రంతా ఉంచమంటారా, లేక ముందు పీసీఆర్ ముక్కను కాలమ్‌లో శుభ్రం చేయమంటారా? యూనిట్లు పెంచితే ఎంజైమ్‌తో వచ్చే గ్లిసరాల్ 5 శాతం దాటి, వేరే చోట్ల కూడా కోస్తుందేమోనని భయం.

ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా సీక్వెన్సింగ్‌లో తేలిన ఈ4/ఈ4 డీఎన్‌ఏ ఉంటే కాస్త ఇవ్వగలరా? ఈ4లో ఆ 158 దగ్గర కోత పడాలి కాబట్టి, అందులోనూ 83 వస్తే కోతదే తప్పు.