వలందానా, ఒలందానా?

అడిగినవారు: 1642 ఆగస్టు 14న బటావియా (నేటి జకార్తా) నుంచి రెండు ఓడలతో దక్షిణ సముద్రాలకు బయల్దేరిన డచ్చి నావికుడు ఏబెల్ టాస్మన్ మీద పిల్లలకి వ్యాసం రాస్తున్నాను. డచ్చివాడు అనడానికి మనసొప్పడం లేదు. డచ్చివాళ్ల ఓడని మా తాతగారు “వలందా ఓడ” అనేవారో “ఒలందా ఓడ” అనేవారో, ఆ మొదటి అక్షరం ఎంతకీ తట్టడం లేదు.

బందరు సభ్యులు: వలందానే. మా ఊళ్లో ఇంగ్లీషుపాలెం, పరాసుపేటలతో పాటు వలందపాలెం కూడా ఉంది. ఊరే సాక్ష్యం చెబుతుంటే ఇంకేం కావాలి?

వ్యాకరణం మాస్టారు: ఊరి పేరు తర్వాతి రూపమండీ. పోర్చుగీసువారు హాలండు పేరులో హకారం పలకరు, మన రేవులకు చేరింది ఒలాందా. తమిళంలో ఒల్లాందర్ అనే ఉంది. ఒకటిని వొకటి అన్న నోరే వొలందా అని, చివరికి వలందా అంది. రాతలో ఒకారం ఉండాలి.

బందరు సభ్యులు: అంత మూలానికే పోతే బుడతకీచుల్ని, అదే పోర్చుగీసువారిని, ఏమని రాస్తారు?

మరో సభ్యులు: అసలు టాస్మన్‌ది డచ్చి దేశంలోని హాలండు సీమే కాదు, గ్రోనింగెన్ సీమలోని లూట్యగాస్ట్. ఆయన స్టాటెన్ లాండ్ అన్న తీరానికి చివరికి నిలిచిన పేరూ జీలండు అనే మరో డచ్చి సీమదే, న్యూజీలండ్.

బందరు సభ్యులు: రేవులో దిగినవాణ్ణి ఏ సీమ అని ఎవరడిగారు? అందరూ వలందాలే.

అడిగినవారు: ఇంకో చిక్కు. డిసెంబరు 18న ఆ తీరంలోని మూలవాసులు మావోరీలు పడవల్లో వచ్చి ఏదో వాద్యం ఊదారు. ఓడ మీదివాళ్లు బాకాతో బదులిచ్చారు. మర్నాడు మావోరీ పడవ వీళ్ల చిన్న పడవను గుద్దింది, నలుగురు పోయారు. ఆ ఊదినదాన్ని బూర అనాలా, కొమ్ము అనాలా?

వ్యాకరణం మాస్టారు: కొమ్ము. బూర అంటే పిల్లలకి తిరునాళ్లే తోస్తుంది.

శ్రీనాథాభిమాని: వలందా సంగతి శ్రీనాథుణ్ణి అడగండి. హరవిలాసంలో పారసీకపు రేవు ఓర్ముజ్‌ను హురుమంజి చేశాడు. “హురుమంజి బలుతేజి హరులు” అని పైకి చదవండి, గుర్రాలు రేవులో దిగుతాయి! పరాయి పేరు తెలుగు నోట ఎలా పడితే అదే ఒప్పు.

వ్యాకరణం మాస్టారు: కానీ అక్కడ హకారం నిలిచింది చూశారా? శ్రీనాథుడి నాటికి పోర్చుగీసువారు రానేలేదు. ఆ పేరు అరబ్బుల, పారసీకుల నోట వచ్చింది. నా మాటే నెగ్గింది.

శ్రీనాథాభిమాని: సరే, అదే పద్యంలో కర్పూరం చెట్లు వచ్చిన పంజార అనే చోటు ఎక్కడిది? కర్పూరం చెట్లు కాబట్టి సుమత్రా ఒడ్డేనంటాను. సుండా జలసంధి దాటేటప్పుడు టాస్మన్‌కి కుడిపక్కనున్నది ఆ దీవే.

బందరు సభ్యులు: పంజార అంటే పంజాబని మా గురువుగారు చెప్పారు.

శ్రీనాథాభిమాని: పంజాబులో కర్పూరం చెట్లా? ఆ పాదం మొత్తం ఒకసారి పెట్టండి, చూద్దాం.