స్కూల్ ముందు స్పీడు తగ్గించమని అర్జీ పెట్టాలి. ఎవరికి, ఎట్టా? నెల్లూరు, ఒంగోలు వాళ్ళు చెప్పండి

పొదలకూరు_రోడ్డు_అమ్మ
మా పాప మూడో తరగతి. స్కూలు గేటు నేరుగా మెయిన్ రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఒక పక్క ఆటోలు, ఇంకో పక్క పిల్లల్ని దించే బైకులు, మధ్యలో టిప్పర్లు, కాలేజీ బస్సులు. పోయిన వారం గేటు దగ్గరే ఒక బాబును స్కూటీ గుద్దింది. మోకాలు చెక్కుకుపోయింది, అంతటితో బయటపడ్డాడు. పేరెంట్స్ గ్రూపులో తలా ఒక మాట అన్నారు. అర్జీ రాద్దామంటే మాత్రం ఎవరికి రాయాలో తేలలేదు. ఒకరు కార్పొరేషన్ అంటారు, ఒకరు ట్రాఫిక్ పోలీసులంటారు. ఇదివరకు పెట్టిన వాళ్ళుంటే చెప్పండి, రోజూ టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_ఏఈ
అమ్మా, ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ఊళ్ళో ఉన్నంత మాత్రాన రోడ్లన్నీ కార్పొరేషన్‌వి కావు. కొన్ని ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళవి, కొన్ని నేషనల్ హైవే వాళ్ళవి. అర్జీలు ‘మా పరిధిలోకి రాదు’ అని తిరిగొచ్చేది ఇక్కడే. అడిగితే నోటిమాటగా ఏదో ఒకటి చెప్తారు, నమ్మొద్దు. సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇక స్పీడు. మోటారు వాహనాల చట్టం, 1988, 112వ సెక్షన్ చూడండి. రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చినవాళ్ళు గానీ గెజిట్‌లో నోటిఫై చేసి, బోర్డులు పెట్టించి, ఒక రోడ్డుకు తక్కువ స్పీడు ఖరారు చేయొచ్చు. అలా చేయనంతవరకు 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన లెక్కే నడుస్తుంది: మున్సిపల్ పరిధి రోడ్ల మీద కార్లకు గంటకు 70 కిలోమీటర్లు, బైకులకు 60. అంటే మీ గేటు ముందు 58లో పోయే కుర్రాడి మీద ఓవర్ స్పీడ్ కేసు రాయడానికే లేదు. అందుకని ‘వేగాన్ని అదుపు చేయవలసిందిగా’ అని రాయకండి, దానికి ‘చర్యలు తీసుకుంటాం’ అనే జవాబే వస్తుంది. ఫలానా కొట్టు నుంచి ఫలానా సందు వరకు గంటకు 30, నోటిఫికేషన్, రెండు వైపులా బోర్డులు అని రాయండి.

మూలాపేట_మావయ్య
అర్జీలు పెట్టి ఏం లాభం అబ్బా! ఎవరికైనా జరగరానిది జరిగాక నాలుగు రోజులు డ్రమ్ములు అడ్డం పెడతారు. ఐదో రోజుకి అవి పక్కన పడి ఉంటాయి.

కర్నూలు_రోడ్డు_ఒంగోలు
మావయ్యా, మీరన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా మాకు కొంత పని జరిగింది. మాది చీమకుర్తి నుంచి గ్రానైట్ ట్రాలీలు వచ్చే దారి. ఆ బండరాళ్ళ బరువుకి డ్రైవర్ బ్రేకు తొక్కినా బండి అక్కడికక్కడ ఆగదు. మేం స్పీడు ఒక్కటే అడగలా, స్కూలు టైములో లారీలు ఆపమని కూడా అడిగాం. దానికి అదే చట్టంలో 115వ సెక్షన్ ఉంది, ఫలానా రోడ్డులో ఫలానా వేళ ఫలానా బండ్లు వద్దని చెప్పే అధికారం. లారీలు ఆపలేదు గానీ ఉదయం పూట ఒక హోంగార్డును నిలబెట్టారు. సాయంత్రం ఎవరూ ఉండరు. పిల్లలు సాయంత్రం ఇళ్ళకు రారనుకున్నారేమో మరి.

కావలి_లెక్కల_మాస్టారు
‘చాలా స్పీడుగా పోతున్నారు’ అంటే ఏ ఆఫీసులోనూ చెల్లదు. కొలవండి. స్పీడ్ గన్ అక్కర్లేదు, టేపు, చాక్‌పీసు, ఫోను చాలు. రోడ్డు అంచున 50 మీటర్లు కొలిచి రెండు చోట్లా గీత గీయండి. దగ్గర్లో కరెంటు స్తంభాలుంటే వాటినే గుర్తు పెట్టుకుని మధ్య దూరం కొలిచినా సరే. ఎదుటి మేడ మీద నుంచి వీడియో తీయండి. బండి ముందు చక్రం మొదటి గీత తాకినప్పటి నుంచి రెండోది తాకే వరకు ఎన్ని సెకన్లో చూడండి. 6 సెకన్లు పడితే 30 స్పీడు. 3.6 అయితే 50. 3 సెకన్లలో దాటితే 60. మా పదో తరగతి పిల్లలకు వేగం, కాలం పాఠం ఇట్టాగే చెప్పాను, ఆ కాగితాలే అర్జీకి జత చేశాం. వర్షం లేని మామూలు రోజు, బడి మొదలయ్యే గంట, వదిలే గంట రెండూ తీయండి.

ఇంకోటి. పిల్లాడు అడ్డం వచ్చాడని చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను అనుకుందాం. 50లో ఉన్న బండి ఆ సెకనులోనే 14 మీటర్లు వచ్చేస్తుంది. 30లో ఉంటే 8. బ్రేకు పడేది ఆ తర్వాత. నేను పెట్టిన అర్జీలో ఆఫీసరు చదివింది ఈ రెండు లైన్లే.

ఆటో_ఆత్మకూరు_బస్టాండ్
నేను స్కూలు ఆటో తోలతా. ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోవద్దు. గేటు ముందు సగం రోడ్డు ఆక్రమించేది తల్లిదండ్రుల కార్లే. ఇంజన్ ఆపరు, పిల్లను రోడ్డు వైపు డోరు నుంచే దించుతారు. ఇక బైకు మీద ముగ్గురెక్కి దూసుకుపోయేది ఎవరు? అదే స్కూలు తొమ్మిది, పది పిల్లలు. హంపులు ఎడాపెడా వేయించొద్దు, నడుములు పోతున్నాయి.

పొదలకూరు_రోడ్డు_అమ్మ
మైనర్ల సంగతి నిజమే అన్నా. మా గ్రూపులో అది ఎత్తితే అందరూ గప్‌చుప్.

రిటైర్డ్_ఏఈ
గ్రూపులో అదే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ పెట్టండి, 2019 సవరణలో వచ్చింది. మైనర్ బండి నడిపి దొరికితే తండ్రికో ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. చూద్దాం ఎంతమంది గప్‌చుప్‌గా ఉంటారో.

హంపుల మీద ఆటో తమ్ముడితో నాదీ అదే మాట. కంకర, తారు మిగిలింది గదా అని రాత్రికి రాత్రి పోసే గుట్ట హంపు కాదు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే కొలత ఏమంటే బండి పోయే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని మీద 25లో పోతే కుదుపు పెద్దగా తెలీదు, 50లో పోతే తల పైకప్పుకి తగులుతుంది. ముందు 40 మీటర్ల దూరంలో హెచ్చరిక బోర్డు ఉండాలి, హంపు మీద రంగు చారలు ఉండాలి. కాలువ వైపు నీళ్ళు పోయే సందు వదలమని కూడా రాయండి. నవంబరు వానలకు హంపు వెనక మడుగు కడితే పిల్లలు దాన్ని తప్పించుకోడానికి రోడ్డు మధ్యలోకే వస్తారు. సర్వీసులో ఉండగా ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ముత్తుకూరు_రోడ్డు
మాకు పోర్టు లారీల గోల. హంపు వేస్తే కొత్త గోల, రాత్రంతా ఖాళీ లారీలు దాని మీద ఎగిరి దడదడమంటాయి. ఎదురింటి వాళ్ళే వచ్చి తీసేయమన్నారు. కాబట్టి చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళ సంతకాలు ముందే పెట్టించుకోండి.

పొదలకూరు_రోడ్డు_అమ్మ
అందరికీ థాంక్స్. శనివారం మాస్టారు చెప్పినట్టు కొలుస్తాం, మా ఆయన టేపు పట్టుకుంటానన్నాడు. అర్జీ సోమవారం కలెక్టరేట్లో ఇవ్వాలా, ఆన్‌లైనా?

కర్నూలు_రోడ్డు_ఒంగోలు
సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చేతికే ఇవ్వండి అక్కా. రసీదు నంబరు అడిగి తీసుకోండి, తర్వాత ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే ఏ టేబుల్ మీద ఉందో తెలుస్తుంది. పైన ‘జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశంలో చర్చకు పెట్టగలరు’ అని ఒక లైను తప్పక రాయండి. దానికి అధ్యక్షుడు కలెక్టరే. పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ అందరూ ఒకే గదిలో కూర్చునేది అక్కడే, ఒకరి మీద ఒకరు తోసుకునే వీలు తక్కువ. స్కూలు లెటర్‌హెడ్ మీద హెడ్మాస్టర్ సంతకం ఉంటే ఇంకా మంచిది.

పొదలకూరు_రోడ్డు_అమ్మ
హెడ్మాస్టర్ గారు ‘మాకెందుకమ్మా’ అంటున్నారు.

కావలి_లెక్కల_మాస్టారు
అయితే పేరెంట్స్ కమిటీ తీర్మానం చేసి జత చేయండి. ఆయన సంతకం లేకపోతే దాని తర్వాత పనికొచ్చేది అదే. కొలతల కాగితం మీద తేదీ, టైము మర్చిపోవద్దు.